జిగురు ఎంత, జిగురులో ఏముంది: గంజాయి మొక్క బ్రీడింగ్‌లో కలిపేయకూడని రెండు ప్రశ్నలు

అమెరికాలో హెంప్ (మత్తు చాలా తక్కువగా ఉండే గంజాయి మొక్క) సాగును అనుమతించిన 2018 ఫార్మ్ బిల్లు అనే చట్టం వచ్చాక, మత్తు ఇవ్వని సీబీడీ అనే రసాయనం కోసం ఆ పంట వేసిన రైతుల్లో చాలామందికి ఒకేలాంటి దెబ్బ తగిలింది. పంట ఏపుగా పెరిగింది. పూగుత్తులు జిగురుతో తళతళలాడాయి. పరీక్షలో సీబీడీ 12 శాతం వచ్చిందంటే సంబరపడాల్సిన సంగతే. కానీ అదే నమూనాలో మత్తునిచ్చే టీహెచ్‌సీ 0.5 శాతం తేలింది, చట్టం ఒప్పుకునేది 0.3. ఇక ఆ పంటను ధ్వంసం చేయాలి, లేదా పూలు తీసేసి మిగిలినదానితో సరిపెట్టుకోవాలి. విత్తనం అమ్మినవాళ్లు మోసం చేశారని కొందరు, ఎండలు ముదిరి మొక్క ‘వేడెక్కింది’ అని కొందరు అనుకున్నారు. ఎక్కువ పొలాల్లో అసలు కారణం ఈ రెండూ కాదు. జిగురు పెరగాలని మొక్కను ఎంపిక చేస్తే జిగురులో ఉన్నవన్నీ కలిసే పెరుగుతాయి. జిగురు ఎంత ఊరుతుందన్నది ఒక లక్షణం. అందులో ఏ రసాయనం ఎంత పాళ్లలో ఉంటుందన్నది మరో లక్షణం. వీటిని నడిపే జన్యువులు వేరు, కొలిచే తీరు వేరు, ఎంపిక చేయాల్సిన దశ వేరు. రెంటినీ ఒకటిగా చూసిన బ్రీడింగ్ కార్యక్రమం ఎన్ని తరాలు నడిచినా అక్కడక్కడే తిరుగుతుంది.

ముందు పేర్ల సంగతి. తెలుగు పత్రికల్లో హెంప్‌ను జనపనార అని రాయడం తరచూ కనిపిస్తుంది. అది తప్పు. జనపనార అంటే జూట్. మన పొలాల్లో పచ్చిరొట్టకు చల్లే జనుము క్రోటలేరియా జాతి. గోగు మందార కుటుంబానికి చెందింది. దాని ఆకు గంజాయి ఆకులా చీలి ఉంటుంది కాబట్టి శాస్త్రీయ నామంలో ‘కన్నాబినస్’ అన్న మాట చేరింది, అంతకుమించి చుట్టరికం లేదు. హెంప్ మాత్రం అచ్చంగా గంజాయి మొక్కే. రెండూ కన్నాబిస్ సటైవా జాతే. రెంటి మధ్య ఉన్నది చట్టం గీసిన గీత. ఆ 0.3 శాతం అన్న అంకె 1976లో ఎర్నెస్ట్ స్మాల్, ఆర్థర్ క్రాంక్విస్ట్ అనే వృక్షశాస్త్రజ్ఞులు వర్గీకరణ సౌలభ్యం కోసం పెట్టుకున్నది. అది కూడా పూలలో కాదు, ముదిరిన మొక్కకు ఉన్న లేత ఆకులను ఎండబెట్టి కొలిచినప్పటి లెక్క. ఇది తమ ఇష్టం మీద ఎంచుకున్న హద్దేనని వాళ్లే రాశారు. ఆకుల కోసం పుట్టిన ఆ అంకెను తర్వాత చట్టాలు పూగుత్తులకు అంటగట్టాయి. బ్రీడర్ల తిప్పలన్నీ అక్కడ మొదలయ్యాయి.

ఇక జిగురు ఎక్కడ ఊరుతుందో చూద్దాం. ఆడ పూగుత్తిలో ప్రతి అండాశయాన్నీ ఒక చిన్న ఆకు తొడుగు కప్పి ఉంటుంది. దాన్ని 30 రెట్లు పెద్దది చేసే భూతద్దం కింద పెడితే గుండుసూదులు గుచ్చిన దిండులా కనిపిస్తుంది. ఆ సూదులే గ్రంథి రోమాలు. తెలుగులో నూగు అంటే సరిపోతుంది. ఈ నూగు మూడు రకాలు. మరీ చిన్న బొడిపెలు ఒకటి, కాడ లేకుండా ఆకుకు అతుక్కున్నవి ఒకటి, కాడ మీద నిలబడ్డ గుండ్రని తలలు ఒకటి. మనకు పనికొచ్చే జిగురులో ఎక్కువ భాగం మూడో రకానిదే. తల అడుగున జిగురు తయారుచేసే కణాలు పళ్లెంలా పరుచుకుని ఉంటాయి. కాడ లేని నూగులో ఆ కణాలు 8 ఉంటే, కాడ ఉన్నదానిలో 12 నుంచి 16 దాకా ఉంటాయి. అవి తయారుచేసిన జిగురు పైపొర కింద ఉన్న ఖాళీలోకి చేరి, తల బుడగలా ఉబ్బుతుంది.

జిగురు దిగుబడిని నడిపేవి ప్రధానంగా మూడు. తొడుగు మీద నూగు ఎంత దట్టంగా ఉంది, తల ఎంత పెద్దది, పూగుత్తిలో ఆకు ఎంత, తొడుగు ఎంత. చాలామంది మొదటిదాన్నే చూస్తారు, ఎందుకంటే కంటికి తెల్లగా మెరిసేది అదే. కానీ లెక్క వేసి చూస్తే రెండోదాని బలం తెలుస్తుంది. తల దాదాపు గోళం. వ్యాసం 80 మైక్రాన్ల నుంచి 100 మైక్రాన్లకు పెరిగితే ఘనపరిమాణం దాదాపు రెట్టింపు అవుతుంది. నూగు సంఖ్య అంతే ఉన్నా జిగురు రెట్టింపన్నమాట. అందుకే బ్రీడింగ్ రికార్డులో ‘జిగురు బాగుంది’ అని రాసుకోవడం వల్ల ప్రయోజనం లేదు. ఒక్కో మొక్కకు ఒకే ఎత్తులోని పూగుత్తి నుంచి కనీసం పది తొడుగులు తీసి, స్కేలు ఉన్న మైక్రోస్కోపు కింద తలల వ్యాసం కొలిచి సగటు రాసుకోవాలి. విసుగు పుట్టించే పనే. కానీ జిగురు పరిమాణం చాలా జన్యువుల మీద ఆధారపడ్డ లక్షణం. ఎండ, ఎరువు, మొక్కల మధ్య దూరం, కోత తేదీ అన్నీ దాన్ని కదిలిస్తాయి. ఇలాంటి లక్షణాన్ని కంటిచూపుతో ఎంచితే మంచి జన్యువులున్న మొక్కకు బదులు మంచి చోట మొలిచిన మొక్క చేతికొస్తుంది. దీనికి విరుగుడు ఒకటే. ప్రతి మొక్క నుంచీ కొమ్మలు కత్తిరించి వేళ్లు పుట్టించి, ఒక్కోదానికి మూడు నాలుగు నకళ్లు వేర్వేరు మడుల్లో పెట్టాలి. ఒకే మొక్క నకళ్ల మధ్య తేడా వాతావరణానిది, మొక్కకూ మొక్కకూ నకళ్ల సగటుల్లో కనిపించే తేడా ప్రధానంగా జన్యువులది.

రెండో లక్షణం, అంటే జిగురులోని పాళ్లు, దీనికి పూర్తిగా భిన్నం. ఇక్కడ కథంతా దాదాపు క్రోమోజోము మీది ఒకే స్థానంలో నడుస్తుంది. మొక్క ముందుగా సీబీజీఏ అనే ఆమ్లాన్ని తయారుచేస్తుంది. అదే తల్లి సరుకు. దాని మీద ఒక ఎంజైము పనిచేస్తే టీహెచ్‌సీఏ, మరో ఎంజైము పనిచేస్తే సీబీడీఏ పుడతాయి. మొక్కలో ఉండేది ఈ ఆమ్ల రూపమే. వేడి తగిలితే కార్బన్ డయాక్సైడ్ పోయి టీహెచ్‌సీ, సీబీడీ అవుతాయి. 2003లో ఎటియెన్ డి మైయర్ బృందం టీహెచ్‌సీ రకాన్నీ సీబీడీ రకాన్నీ సంకరం చేసి రెండో తరాన్ని లెక్కపెట్టింది. మెండెల్ బఠాణీల్లో లాగే నాలుగింట ఒకటి పూర్తి టీహెచ్‌సీ, రెండు మిశ్రమం, ఒకటి పూర్తి సీబీడీగా విడిపోయాయి. ఆ స్థానానికి ‘బీ’ అని పేరు పెట్టారు. నిజానికి అది ఒక్క జన్యువు కాదని, దగ్గర దగ్గరగా ఉండి కలిసే తరం దాటే జన్యువుల గుంపని తర్వాత జన్యుపటాలు చూపించాయి. బ్రీడర్ చేతిలో మాత్రం అది ఒకే జన్యువులా ప్రవర్తిస్తుంది.

ఇందులో ఒక పెద్ద సౌలభ్యం ఉంది. పాళ్లు వయసుతో పెద్దగా మారవు. పూత దాకా ఆగక్కర్లేదు, మూడు నాలుగు ఆకుల నారుమొక్క నుంచి చిన్న ఆకు ముక్క తీసి డీఎన్‌ఏ పరీక్ష చేస్తే ఆ మొక్క ఏ రకమో తెలిసిపోతుంది. అదే ముక్కతో మగ క్రోమోజోము గుర్తును చూసి ఆడో మగో తేల్చవచ్చు. జిగురు పరిమాణానికి ఈ వెసులుబాటు లేదు, పూత ముదిరేదాకా కాచుకోవాల్సిందే. అందుకే తెలివైన క్రమం ఇలా ఉంటుంది: పాళ్లను నారుమడిలో వడపోయాలి, పరిమాణాన్ని పొలంలో ఎంచాలి. తిరగేసి చేస్తే పనికిరాని మొక్కలకు నాలుగు నెలలు నీళ్లు పోసినట్టే.

మొదట చెప్పిన దెబ్బకు ఇప్పుడు లెక్క దొరుకుతుంది. సీబీడీ తయారుచేసే ఎంజైము నూరు శాతం కచ్చితమైనది కాదు. సీబీడీఏ చేస్తూనే పక్కన కొద్దిగా టీహెచ్‌సీఏ కూడా జార్చేస్తుంది. పూర్తి సీబీడీ రకంలో కూడా ప్రతి 20 నుంచి 25 పాళ్ల సీబీడీకి ఒక పాలు టీహెచ్‌సీ ఉంటుంది. ఈ నిష్పత్తి పెట్టుకుని చూస్తే 0.3 శాతం టీహెచ్‌సీ దాటకూడదంటే సీబీడీ 6 నుంచి 7.5 శాతం దగ్గర ఆగాలి. 12 శాతం సీబీడీ ఉన్న మొక్కలో దాదాపు 0.5 నుంచి 0.6 శాతం టీహెచ్‌సీ ఉండి తీరుతుంది. అది విత్తనంలో కల్తీ కాదు, ఎంజైము స్వభావం. నీటిముంపుకు, గాయాలకు, తెగుళ్లకు టీహెచ్‌సీ పెరుగుతుందన్న నమ్మకాన్ని కార్నెల్ విశ్వవిద్యాలయం వాళ్లు పరీక్షించి 2021లో ఫలితాలు ప్రచురించారు. మొక్కలను నీట ముంచి, గాయపరిచి, కలుపుమందు కొట్టి చూసినా సీబీడీ, టీహెచ్‌సీల నిష్పత్తి చెప్పుకోదగినంతగా మారలేదు. అంటే సీబీడీ రకంలో జిగురు పెంచడమే ధ్యేయంగా ఎంపిక సాగించినవాళ్లు ప్రతి తరంలోనూ తమ పంటను చట్టం గీత వైపు తామే నెట్టుకుంటూ వచ్చారు.

పరీక్ష దగ్గర జరిగే పొరపాట్లు కూడా ఇంతే ఖరీదైనవి. రసాయనాలను విడదీసి కొలిచే పద్ధతుల్లో ఒకటైన గ్యాస్ క్రొమటోగ్రఫీలో నమూనా వేడెక్కుతుంది కాబట్టి ఆమ్లాలన్నీ యంత్రంలోనే టీహెచ్‌సీ, సీబీడీలుగా మారి కనిపిస్తాయి. ద్రవ క్రొమటోగ్రఫీలో ఆమ్లం వేరుగా, మారినది వేరుగా వస్తాయి. అప్పుడు మొత్తం టీహెచ్‌సీ కావాలంటే టీహెచ్‌సీఏ అంకెను 0.877తో గుణించి టీహెచ్‌సీకి కలపాలి. ఆమ్లం నుంచి కార్బన్ డయాక్సైడ్ పోయాక మిగిలే అణుభారం వాటా అది. గుణించడం మరచి రెండూ కూడితే అంకె ఉన్నదానికంటే ఎక్కువ వస్తుంది. ఆమ్లాన్ని వదిలేస్తే పచ్చి పూవులో టీహెచ్‌సీ లేనే లేదన్న భ్రమ కలుగుతుంది. ఇక నమూనా ఎక్కడ తీశారన్నది మరో చిక్కు. పై పూగుత్తిలో ఉన్నంత జిగురు కింది కొమ్మల్లో ఉండదు. యూరప్ అధికారిక పద్ధతిలో ఆడ పూగుత్తి ఉన్న పై 30 సెంటీమీటర్ల భాగాన్ని కోసి, 70 డిగ్రీలకు మించని వేడిలో ఆరబెట్టి, కాడలూ గింజలూ ఏరేసి పొడి చేస్తారు. బ్రీడింగ్ మడిలోనూ ఇంత కచ్చితమైన నియమం రాసిపెట్టుకోకపోతే, ఒక మొక్క పైభాగాన్ని ఇంకో మొక్క కింది భాగంతో పోల్చి తప్పుడు విజేతను ఎంచుకుంటారు. కోత రోజు కూడా క్యాలెండర్ తేదీని బట్టి కాదు, ఒక్కో మొక్క పూత మొదలైన రోజు నుంచి లెక్కపెట్టాలి. లేదంటే త్వరగా పూసేవన్నీ జిగురు రకాల్లా కనిపిస్తాయి.

మగమొక్కల సమస్య వేరే. ఇది గాలి ద్వారా పుప్పొడి చేరే మొక్క, ఆడ మగ వేర్వేరు. సంతానానికి సగం జన్యువులు మగమొక్క ఇస్తుంది, కానీ దాని మీద కాడ ఉన్న నూగు బాగా తక్కువ. దాన్ని చూసి దాని కూతుళ్ల జిగురు ఊహించడం పాడి ఆబోతును చూసి పాల లెక్క చెప్పడం లాంటిది. పశువుల్లో చేసినట్టే ఇక్కడా సంతాన పరీక్ష చేయాలి. ఐదారు మగమొక్కల పుప్పొడిని ఒకే ఆడమొక్క నకళ్ల మీద వేర్వేరుగా వేసి, ఒక్కో తండ్రికి ఇరవై మంది కూతుళ్లనైనా పెంచి కొలవాలి. ఇది తప్పించుకోవడానికి ఇంకో దారి ఉంది. దాని వెనుక మన దేశపు పరిశోధన ఉందని చాలామందికి తెలియదు. ఢిల్లీ విశ్వవిద్యాలయంలో హెచ్.వై. మోహన్ రామ్ బృందం 1970 నుంచి ఈ మొక్కలో ఆడ, మగ పూలను హార్మోన్లు ఎలా నిర్ణయిస్తాయో శోధించింది. ఎథిలీన్ అనే హార్మోను ఇస్తే మగమొక్కకు ఆడ పూలు వచ్చాయి. ఎథిలీన్ పనిని వెండి సమ్మేళనాలతో అడ్డుకుంటే ఆడమొక్కకు మగ పూలు వచ్చాయని, వాటి పుప్పొడికి సంతానాన్నిచ్చే శక్తి ఉందని మోహన్ రామ్, సేట్ 1982లో ప్రచురించారు. ఆ పుప్పొడిలో మగ క్రోమోజోము ఉండదు కాబట్టి గింజలన్నీ ఆడవే. ప్రపంచమంతా ఇవాళ అమ్ముడవుతున్న ‘ఫెమినైజ్డ్’ విత్తనాలకు ఇదే పునాది. బ్రీడర్‌కు దక్కే పెద్ద లాభం ఏమిటంటే, జిగురు కొలిచి చూసిన ఆడమొక్కనే తండ్రిగా కూడా వాడుకోవచ్చు. నష్టం కూడా ఉంది. అదే మొక్క పుప్పొడిని దాని మీదే వేస్తూ పోతే రెండు మూడు తరాల్లో పెరుగుదల కుంటుపడుతుంది. అడ్డసంకరం అలవాటైన జాతికి ఇది తప్పదు.

పుప్పొడి విషయంలో ఏమరుపాటు మొత్తం ఏడాదిని మింగేస్తుంది. గాలివాటున అది కిలోమీటర్ల దూరం పోతుంది. దూరం ఇవ్వలేనిచోట పూగుత్తులకు నేత బిగువైన సంచులు తొడిగి, సంకరం చేసిన కొమ్మకు అప్పటికప్పుడే చీటీ కట్టాలి. ఒక మగమొక్క నుంచి ఇంకోదానికి వెళ్లే ముందు చేతులు, బట్టలు నీళ్లతో తడిపితే అంటుకున్న పుప్పొడి చస్తుంది. గింజ పట్టిన పూగుత్తిలో జిగురు, సువాసన నూనె బాగా పడిపోతాయి. కాబట్టి విత్తనం తీసిన కొమ్మను జిగురు పరీక్షకు పంపకూడదు. ఈ సంగతి 19వ శతాబ్దపు బెంగాల్ రైతులకు క్షుణ్ణంగా తెలుసు. అప్పటి బెంగాల్‌లోని నౌగావ్ ప్రాంతంలో సర్కారు లైసెన్సుతో గంజాయి పండించేటప్పుడు, పొలమంతా తిరిగి మగమొక్కలను పసిగట్టి పీకించే నిపుణులు ఉండేవారు. 1893-94 నాటి ఇండియన్ హెంప్ డ్రగ్స్ కమిషన్ పత్రాల్లో వాళ్ల ప్రస్తావన ఉంది.

ఇటీవలి కాలపు కొత్త చిక్కు వైరాయిడ్, అంటే వైరస్ కంటే చిన్నదైన, మొక్కలకు సోకే ఆర్‌ఎన్‌ఏ ముక్క. బీరు తయారీలో వాడే హాప్స్ మొక్కలో చాలాకాలంగా ఉన్న హాప్ లేటెంట్ వైరాయిడ్ గంజాయి మొక్కకూ సోకుతుందని 2019లో కాలిఫోర్నియా నమూనాల్లో తేలింది. సోకిన మొక్క చావదు. పొట్టిగా మారుతుంది, కొమ్మలు పెళుసవుతాయి, నూగు తలలు చిన్నబోతాయి, జిగురు పడిపోతుంది. కత్తెర ద్వారా ఒక తల్లిమొక్క నుంచి అన్ని నకళ్లకూ పాకుతుంది. బ్రీడర్ దీన్ని గుర్తించకపోతే మంచి వంగడాన్ని ‘జిగురు తగ్గిపోయింది’ అని పారేస్తాడు. ఎంపికకు ముందు తల్లిమొక్కలన్నింటికీ వైరాయిడ్ పరీక్ష చేయించడం ఖర్చు అనిపించినా, చేయించకపోతే జరిగే నష్టంతో పోలిస్తే అది స్వల్పం.

ఎన్ని మొక్కలు పెంచాలన్న ప్రశ్నకు ఊహ అక్కర్లేదు. రెండో తరంలో ఒక స్థానం దగ్గర కోరుకున్న జన్యు జంట నాలుగింట ఒక మొక్కకు వస్తుంది. కనీసం ఒక్కటైనా దొరుకుతుందని 99 శాతం భరోసా కావాలంటే 17 మొక్కలు చాలు. రెండు స్వతంత్ర స్థానాలైతే 72. మూడైతే 293. ఆడవే కావాలంటే మామూలు విత్తనంలో ఇవన్నీ రెట్టింపు. పాళ్లు, పూత కాలం, తెగులు నిరోధం మూడింటినీ ఒకే తరంలో పట్టాలని నలభై మొక్కలతో మొదలుపెట్టే ప్రయత్నాలు ఎందుకు విఫలమవుతాయో ఈ అంకెలే చెబుతున్నాయి. పైగా పూత కాలం, నిరోధం లాంటివి సాధారణంగా ఒక్క జన్యువుతో తేలవు, కాబట్టి ఇవి అడుగు హద్దులు మాత్రమే.

చట్టం గీతను దాటకుండా జిగురు పెంచే దారి లేదా అంటే, ఉంది. బీ స్థానంలో రెండు ఎంజైములూ పనిచేయని రూపం ఒకటి సహజంగానే దొరుకుతుంది. అలాంటి మొక్కలో తల్లి సరుకు ముందుకు కదలక సీబీజీఏ దగ్గరే ఆగిపోతుంది. ఫ్రాన్స్‌లో ఇలాంటి మొక్కల నుంచే సాంథికా వంగడాలు వచ్చాయి. వీటిలో టీహెచ్‌సీ దాదాపు కనిపించదు, కాబట్టి నిష్పత్తి ఉచ్చు లేదు, జిగురు ఎంత పెరిగినా గీత దూరంగానే ఉంటుంది.

మన దేశానికి వస్తే మత్తుపదార్థాలను నియంత్రించే ఎన్‌డీపీఎస్ చట్టం, 1985 ప్రకారం పూతా కాయలతో ఉన్న పైభాగాలు గంజాయి, వేరుచేసిన జిగురు చరస్. అనుమతి లేకుండా మొక్క పెంచితే పదేళ్ల దాకా కఠిన కారాగారం, లక్ష రూపాయల దాకా జరిమానా. విశాఖ మన్యంలో ఈ పంట గిరిజన కుటుంబాలకు తెచ్చిపెట్టిన కేసులు, జైళ్లు తెలుగువాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. అదే చట్టంలోని 14వ సెక్షన్ నార, గింజల కోసం, తోటపంట అవసరాల కోసం సాగుకు ప్రభుత్వం అనుమతి ఇవ్వవచ్చంటోంది. దాని ఆసరాతోనే ఉత్తరాఖండ్ 2018లో 0.3 శాతం హద్దుతో హెంప్ సాగుకు లైసెన్సు ఇచ్చింది. చిక్కు విత్తనం దగ్గరే వచ్చింది. కుమావూ కొండల్లో గింజలతో చట్నీ నూరుకునే, కాడల నుంచి నార తీసే స్థానిక భాంగ్ మొక్క తరతరాలుగా అక్కడి చలికి, వానకు అలవాటుపడ్డదే. కానీ దానిలో టీహెచ్‌సీ మామూలుగా ఆ హద్దును దాటేస్తుంది. యూరప్ వంగడాలు హద్దులో ఉంటాయి, కానీ 45 - 50 డిగ్రీల అక్షాంశాల సుదీర్ఘ పగళ్లకు తయారైనవి. మన దగ్గర పగలు చిన్నదవడంతో మోకాలెత్తు పెరగకుండానే పూతకొచ్చేస్తాయి.

కాబట్టి చేయాల్సింది స్థానిక మొక్కలోకి సీబీడీ రూపాన్ని వెనుసంకరంతో ఎక్కించడం. లైసెన్సు ఉన్న పరిశోధన క్షేత్రంలో మొదటి సంకరం తర్వాత ప్రతి తరాన్నీ స్థానిక మొక్కతోనే కలుపుతూ, నారుమడిలో డీఎన్‌ఏ గుర్తు ఉన్న సగం మొక్కలనే ఉంచుకుంటూ పోవాలి. నాలుగు వెనుసంకరాలయ్యాక విదేశీ జన్యువుల వాటా సగటున 3 శాతానికి దిగుతుంది. చివర్లో గుర్తు ఉన్న అన్నదమ్ములను అక్కచెల్లెళ్లతో కలిపి నాలుగింట ఒకటిగా వచ్చే పూర్తి సీబీడీ మొక్కలను ఏరుకోవాలి. ఆరుబయట ఏడాదికి ఒక తరమే కాబట్టి దీనికి ఆరేళ్లు పడుతుంది. పగటి నిడివిని నియంత్రించే గదుల్లో ఏడాదికి రెండు మూడు తరాలు తీయవచ్చు. అయితే పని అక్కడితో పూర్తయిందనుకుంటే మళ్లీ మొదటి తప్పే చేసినట్టు. కొండ మొక్క జిగురు ఎక్కువ ఉన్న మొక్క. హిమాచల్‌లోని మలానా లాంటి చోట్ల పచ్చి పూగుత్తులను చేతుల్లో నలిపి చరస్ తీసే అలవాటుకు నిలబడ్డదే ఆ జిగురు. పాళ్లు మారినా పరిమాణం అలాగే ఉంటే, సీబీడీ 8 శాతం చేరిన రోజున టీహెచ్‌సీ మళ్లీ 0.3 దాటుతుంది. నార కోసమైతే ఆ మొక్కల్లో నూగు పలచగా ఉన్నవాటిని ఎంచి జిగురును కూడా కిందికి దించాలి. ఔషధం కోసమైతే సీబీడీ రూపాన్ని వదిలి, ఎంజైములు పనిచేయని రూపాన్నే దాతగా మొదటి సంకరంలో తీసుకోవాలి. ఈ రెంటిలో ఏదన్నది మొదటి గింజ నాటకముందే తేల్చుకోవాలి.